నూట ఇరవై ఎనిమిదా? రెండొందల యాభై ఆరా?

మదనపల్లెలో ఒక సెల్‌ఫోన్ల కొట్టు. గుర్రంకొండ నుంచి బస్సెక్కి వచ్చిన తండ్రి, తల్లి, ఇంజినీరింగులో చేరబోతున్న కూతురు అద్దాల బల్ల ముందు నిలబడ్డారు. కంపెనీ తేలింది. రంగు తేలింది. అక్కడే బండి ఆగిపోయింది.

"నూట ఇరవై ఎనిమిదా నా, రెండొందల యాభై ఆరా?" అడిగాడు కొట్లో కుర్రాడు.

"రెండిటికీ ఏం తేడా?"

"మూడు వేలు తేడా నా."

"దుడ్ల మాట కాదప్పా, పనిలో ఏం తేడా అని."

"పెద్దదాంట్లో ఎక్కువ పడతాయి."

"పెద్దదే తీసుకుందాం నాయినా" అంది కూతురు. "అమ్మ ఫోను చూడు, ఎప్పుడు చూసినా చోటు లేదు, చోటు లేదు అంటానే ఉంటాది."

కుర్రాడికి ఇంకో దారి దొరికింది. "ఆ పాతది ఇచ్చేయండి మా. ఎక్స్ఛేంజ్‌లో రెండు వేలు తగ్గిస్తాం. లోపలిదంతా చెరిపేసే తీసుకుంటాం, భయం లేదు."

తల్లి మాట్లాడలేదు. చేతిలోని పాత ఫోనును మాత్రం ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఈ ముగ్గురికీ పేర్లు అక్కర్లేదు. పుంగనూరులోనైనా, కుప్పంలోనైనా ఫోను కొట్లో రోజూ వినిపించే మాటలే ఇవి. కెమెరా ఎలా ఉంటుందని పదిమందిని అడుగుతారు. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందని అడుగుతారు. ఎంత చోటు కావాలన్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్కే ఉండదు. జేబులో డబ్బులుంటే పెద్దది, లేకుంటే చిన్నది. ఆర్నెల్లు తిరిగేసరికి చిన్నది కొన్నవారు ఫోటోలు చెరుపుతూ కూర్చుంటారు. పెద్దది కొన్నవారి ఫోనులో సగం ఖాళీగానే ఉండి, ఆ ఫోను పాతబడిపోతుంది. లెక్క పెద్ద కష్టమైనదేమీ కాదు. కాకపోతే కొట్లో బల్ల ముందు వేసుకునేది కాదు, ఇంట్లో వేసుకుని బయల్దేరాల్సింది.

అరుగు వేరు, అటక వేరు

ముందు బోర్డు మీది అంకెలు. "8+128" అని రాసి ఉంటుంది. మొదటిది ర్యామ్, రెండోది స్టోరేజ్. ర్యామ్ అంటే పని చేసుకునేటప్పుడు సామాను పరుచుకునే అరుగు. స్టోరేజ్ అంటే పనయ్యాక సర్దిపెట్టే అటక. అరుగు ఇరుకైతే ఫోను నత్తనడక నడుస్తుంది. అటక ఇరుకైతే సామాను పట్టదు. ఒకటి తక్కువైతే ఇంకోటి ఆదుకుంటుందనుకుంటే పొరపాటు. కొన్ని కంపెనీలు "8+8 ర్యామ్" అని గొప్పగా వేస్తాయి. అందులో రెండో ఎనిమిది అసలు ర్యామ్ కాదు, అటకలోంచి కొంత భాగం అరువు తెచ్చినది. అది వాడుకున్నంత మేరా దాచుకునే చోటు తగ్గుతుంది.

128 జీబీ అని కొంటే 128 జీబీ చేతికి రాదు. ఫోనును నడిపే ఆండ్రాయిడ్, కంపెనీ ముందే ఎక్కించి పంపే యాప్‌లు కలిపి పదిహేను, ఇరవై జీబీ, కొన్ని ఫోన్లలో అంతకన్నా ఎక్కువే ఆక్రమిస్తాయి. అప్‌డేట్లు వచ్చేకొద్దీ అది పెరుగుతుందే తప్ప తగ్గదు. కొత్త ఇంట్లో అడుగుపెట్టేసరికే ఒక గదిలో ఇంటి ఓనరు సామాను సర్దేసి ఉన్నట్టు.

అదే ఫోను మెమరీని కంప్యూటరు లెక్కగడితే ఇంకో చిక్కు. కంపెనీ లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ కంప్యూటరు లెక్కలో జీబీ అంటే 107 కోట్లకు పైచిలుకు. అందుకే 128 కాస్తా అక్కడ 119గా కనిపిస్తుంది. ఎవరూ దొంగతనం చేయలేదు. వెనకటికి ఈ ఊరి శేరు ఆ ఊరి శేరుతో కలిసేది కాదు, ఇదీ అంతే.

నాలుగు నుంచి రెండొందల దాకా

ఎంత చోటుంటే చాలన్న మాటకు కాలం ఎప్పుడూ ఒకే జవాబు చెప్పలేదు. 2001 అక్టోబరులో యాపిల్ కంపెనీ ఐపాడ్ తెచ్చినప్పుడు అందులో 5 జీబీ ఉండేది. వెయ్యి పాటలు జేబులో పెట్టుకోవచ్చంటే జనం నోళ్లు తెరిచారు. 2007 జూన్‌లో మొదటి ఐఫోన్ రెండు రకాలుగా వచ్చింది. ఒకటి 4 జీబీ, ఇంకోటి 8 జీబీ. సెప్టెంబరు మొదటివారం వచ్చేసరికి 4 జీబీ రకాన్ని కంపెనీ ఎత్తేసింది. తక్కువ కొన్నవాళ్లు దెబ్బతిన్నారు, ఎక్కువ కొన్నవాళ్లు తెలివైనవాళ్లు అనుకుందామా? అదే రోజు 8 జీబీ ఫోను ధర 599 డాలర్ల నుంచి 399కి దిగింది. రెండు నెలల కిందట పెద్దది కొన్నవాళ్లు రెండొందల డాలర్లు పోగొట్టుకున్నామని గగ్గోలు పెట్టారు. చివరికి కంపెనీ వంద డాలర్ల క్రెడిట్ ఇచ్చి సర్దిచెప్పాల్సి వచ్చింది.

2017లో మన దేశంలో జియోఫోన్ వచ్చినప్పుడు లోపలి మెమరీ 4 జీబీయే. పక్కన మెమరీ కార్డు వేసుకునే వీలుండేది. పల్లెల్లో చాలామందికి అది మొదటి ఇంటర్నెట్ ఫోను. ఎనిమిదేళ్లు తిరిగాయి. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 17లో కనీసమే 256 జీబీ.

చోటు పెరిగింది నిజమే. కానీ చోటు పెరిగినప్పుడల్లా అందులో పడే సామాను కూడా బరువెక్కింది. కెమెరా మెరుగైతే ఫోటో పెద్దదవుతుంది. తెర మెరుగైతే వీడియో పెద్దదవుతుంది. చెరువు పెద్దది చేసినకొద్దీ కింద ఆయకట్టు పెరిగినట్టు, నీళ్లకు కరువు మాత్రం అలాగే ఉంటుంది.

శుభోదయంతో నిండిన దేశం

మరి ఆ తల్లి ఫోను ఎందుకు నిండింది? ఆమె సినిమాలు దించుకోలేదు, ఆటలు ఆడలేదు. జవాబు 2018 జనవరిలో అమెరికా పత్రిక వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో దొరికింది. భారతీయుల ఫోన్లు ఎందుకు మొరాయిస్తున్నాయని గూగుల్ పరిశోధకులు వెదికితే పొద్దున్నే పంపుకునే 'గుడ్ మార్నింగ్' బొమ్మలు బయటపడ్డాయట. పువ్వులు, సూర్యోదయాలు, దేవుళ్లు, చంటిపిల్లలు. వెస్టర్న్ డిజిటల్ సంస్థ లెక్కనూ ఆ పత్రిక ఇచ్చింది. మన దేశంలో ముగ్గురిలో ఒకరికి రోజూ ఫోనులో చోటు అయిపోతోంది, అమెరికాలో పదిమందిలో ఒకరికి. ఈ బాధ చూసే గూగుల్ 2017 డిసెంబరులో 'ఫైల్స్ గో' అనే యాప్ తెచ్చింది. ఇప్పుడది 'ఫైల్స్' పేరుతో ఉంది. పనికిరానివాటిని ఏరి చూపించడమే దాని పని.

అంటే చోటు చాలడం లేదన్న మాట వినగానే పెద్ద ఫోను కొనడం మందు కాదు. ముందు రోగం చూడాలి. వాట్సాప్ సెట్టింగుల్లో 'స్టోరేజ్ అండ్ డేటా' అని ఉంటుంది. అందులో 'మేనేజ్ స్టోరేజ్' తెరిస్తే ఏ గ్రూపు ఎంత మేసిందో, పదేపదే ఫార్వర్డ్ అయి వచ్చినవి ఎన్నో వరుసగా కనిపిస్తాయి. అక్కడే ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపేసే వీలుంది. పది గ్రూపులున్న మనిషికి ఆ ఒక్క మీట నొక్కితే కొన్ని జీబీలు కొన్నంత లాభం. ఇది చేయకుండా 256 కొంటే రెట్టింపు శుభోదయాలు దాచుకోవడానికి మూడు వేలు కట్టినట్టే.

ఎవరి లెక్క వారిదే

లెక్కకు కావలసిన కొలతలు నాలుగే. మామూలు ఫోను ఫోటో ఒకటి మూడు, నాలుగు ఎంబీ. అంటే జీబీకి రెండొందల యాభై దాకా పడతాయి. ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 60 నుంచి 130 ఎంబీ. చేతి లెక్కకు వంద అనుకుంటే పది నిమిషాలకు ఒక జీబీ. 4కే వీడియో నిమిషానికి 170 మొదలు 400 ఎంబీ దాకా పోతుంది. పాట నాణ్యతను బట్టి నిమిషానికి ఒకటి, రెండు ఎంబీ.

ఇప్పుడు మనిషిని బట్టి చూడండి. ఇంట్లో అవ్వకు ఫోను కొంటే ఆమె మనవళ్లతో వీడియో కాల్ మాట్లాడుతుంది, యూట్యూబులో హరికథ చూస్తుంది. ఈ రెండూ ఫోనులో దాదాపు ఏమీ మిగల్చవు. వచ్చింది వచ్చినట్టే పోతుంది. ఆమెకు 64 జీబీ ఫోనైనా గడిచిపోతుంది. దొరికే వాటిలో 128 ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

టమోటా రైతు సంగతి వేరు. ఆకుమచ్చ కనిపిస్తే ఫోటో తీసి మందుల కొట్టుకు పంపాలి. గుర్రంకొండ మార్కెట్లోనూ మదనపల్లె మార్కెట్లోనూ ఆ పొద్దు ధర ఎంత పలికిందో గ్రూపులో చూడాలి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు కాగితాల ఫోటోలు ఎప్పుడూ చేతిలో ఉండాలి. రోజుకు పది ఫోటోలు తీసినా 40 ఎంబీ. ఏడాదికి పద్నాలుగు, పదిహేను జీబీ. ఫోనుకూ యాప్‌లకూ పోయాక 128 జీబీలో ఎనభై మిగిలినా నాలుగైదేళ్లకు ఢోకా లేదు.

ఇంజినీరింగు పిల్ల సంగతి ఇంకొకటి. పాఠాల పీడీఎఫ్‌లు పేజీలు ఎన్నున్నా పెద్ద బరువు కావు. హాస్టల్లో నెట్టు అందక పాఠాల వీడియోలు దించుకుంటే అవి బరువు. స్నేహితులతో రీల్స్ తీస్తే అవి ఇంకా బరువు. వారానికి పది నిమిషాల వీడియో దాచుకుంటే ఏడాదికి యాభై జీబీ దాటుతుంది. ఆమె వీడియోలు తీసే మనిషైతే 256 అడగడంలో తప్పులేదు. తీసినవి ఎప్పటికప్పుడు ల్యాప్‌టాప్‌లోకి మార్చే అలవాటుంటే 128 చాలు. ఆ సంగతి కొట్లో కుర్రాడికి తెలియదు, తండ్రికీ తెలియదు, ఆమెకే తెలుసు.

పెళ్లిళ్లలో వీడియోలు తీసి బతికేవారికీ, యూట్యూబ్ చానల్ నడిపేవారికీ ఈ లెక్కలేవీ వర్తించవు. 4కేలో గంట తీస్తే పది జీబీ నుంచి పాతిక జీబీ దాకా పోతుంది. వాళ్లకు ఫోను దాచుకునే చోటు కాదు, సాయంత్రానికి దించేయాల్సిన లారీ.

ఎవరైనా తమ లెక్క తెలుసుకోవడానికి దగ్గరి దారి ఒకటుంది. ఇప్పుడున్న ఫోనులో సెట్టింగులు తెరిచి, స్టోరేజ్‌లో ఎంత నిండిందో చూడాలి. అక్కరలేనివి తీసేశాక మిగిలింది చూడాలి. దాన్ని ఫోను కొని ఎన్నేళ్లయిందో దాంతో భాగిస్తే ఏడాదికి ఎంత పోగవుతోందో తెలిసిపోతుంది. కొత్త ఫోను ఎన్నేళ్లు వాడాలనుకుంటే అన్నేళ్లతో హెచ్చవేసి, పైన మరో పాతిక వంతు కలుపుకుంటే చాలు. కుర్రాడి సలహాకన్నా ఈ లెక్క నమ్మదగ్గది.

ఖాళీ ఎందుకు ఉంచాలి

ఆ పాతిక వంతు ఎందుకంటే, ఫోను మెమరీని పీకలదాకా నింపకూడదు. ఇందులో ఉండేది ఫ్లాష్ మెమరీ. 1980లలో జపాన్ కంపెనీ తోషిబాలో పనిచేస్తూ ఫుజియో మసువోకా అనే ఇంజినీరు కనిపెట్టినది. కంటికి కనిపించని కోట్లాది గదుల్లో విద్యుదావేశాన్ని బంధించి అక్షరాన్నీ బొమ్మనూ దాస్తారు. రాయడం ఒక్కో పుటగా జరుగుతుంది, చెరపడం మాత్రం పెద్ద దిమ్మగానే కుదురుతుంది. కాబట్టి ఒక మూల చెరపాలంటే అందులోని పనికొచ్చేవాటిని ముందు వేరేచోటికి మార్చాలి. టమోటా మండీలో ఒక వరుస క్రేట్లు సర్దాలంటే పక్కన కాస్త నేల ఖాళీగా ఉండాలి కదా. నేలే లేకపోతే హమాలీ ఒక్క క్రేటు జరపడానికి పది క్రేట్లు మోయాలి. నిండిన ఫోను నిదానించడం వెనక ఉన్న సంగతి ఇదే. పదిలో ఒకటో రెండో వంతులు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి.

ఒకే 128 జీబీ అని రాసున్నా అన్నీ ఒకలాంటివి కావు. పెట్టె మీద 'ఈఎంఎంసీ' అని ఉంటే పాతకాలపు నిదానం రకం. 'యూఎఫ్ఎస్' అని ఉంటే వేగం రకం. నిదానం రకం 256 కన్నా వేగం రకం 128 చాలామందికి మేలు.

కార్డు ఉంటే సరిపోదా?

"మెమరీ కార్డు వేసుకుంటే సరిపాయె కదా" అనేవారున్నారు. వేసుకునే చోటుంటే సరిపోతుంది. ఐఫోన్లలో మొదటినుంచీ కార్డుకు చోటే లేదు. శాంసంగ్ గెలాక్సీ ఎస్ రకాల్లో 2021 నుంచి తీసేశారు. తక్కువ ధర ఫోన్లలో ఇంకా కొన్నిట్లో ఉంది. అయితే కొన్ని ఫోన్లలో రెండో సిమ్ముకూ కార్డుకూ ఒకటే గూడు. ఇంటి నంబరు ఒకటి, వ్యాపారం నంబరు ఒకటి ఉన్నవాళ్లు కార్డు పెట్టాలంటే ఒక సిమ్ము తీసేయాలి. కొనేముందు ఆ ట్రే బయటికి లాగించి చూడాలి.

కార్డులో ఫోటోలు, పాటలు, సినిమాలు దాచుకోవచ్చు. యాప్‌లు మాత్రం ఎక్కువగా లోపలి మెమరీలోనే కూర్చుంటాయి. కాబట్టి కార్డు ఉంది కదా అని లోపలిది మరీ చిన్నది తీసుకుంటే బ్యాంకు యాప్ అప్‌డేట్ అవడానికే చోటుండదు.

ఇక సంతలో, రోడ్డు పక్కన నాలుగొందలకే 'ఒక టీబీ కార్డు' అంటే చేయి జేబులోకి పోనివ్వకూడదు. అలాంటి నకిలీల్లో నిజంగా ఉండేది ఎనిమిదో, పదహారో జీబీ. ఫోనుకు మాత్రం పెద్ద అంకె చూపించేలా మాయ చేసి ఉంటారు. నిజమైన చోటు నిండేదాకా అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఎక్కించిన ఫోటోలు పేరుకు కనిపిస్తాయి, తెరిస్తే తెరుచుకోవు, లేదా పాతవాటిని తొక్కేసి కూర్చుంటాయి. ఇల్లు నిండాక గానీ గోడ అట్టముక్కదని తెలియదు.

కొండ పెరగదు

ఎంత చోటు కావాలో ముందే తేల్చుకోవాల్సిన అవసరం గుర్రంకొండకు కొత్త కాదు. ఊరి నెత్తిన ఉన్న ఆ రాతికొండ మీది కోట ఎన్నో చేతులు మారింది. విజయనగరం, గోల్కొండ, కడప నవాబులు, మైసూరు. కొండ కింద ఇప్పటికీ నిలిచి ఉన్న రంగినీ మహల్ ఆ రోజుల్ని గుర్తుచేస్తుంది. కొండకోట కట్టినవాడికి మొదటి ప్రశ్న గోడ ఎత్తు కాదు. శత్రువు చుట్టుముట్టినప్పుడు పైన ఎన్నాళ్లకు సరిపడా నీళ్లు నిలుస్తాయి, ఎన్ని పుట్ల ధాన్యం పడుతుంది అన్నదే. అటుపక్క గండికోటలో ఇప్పటికీ కనిపించే పెద్ద ధాన్యాగారం ఆ లెక్కలో కట్టిందే. ముట్టడి మొదలయ్యాక కొట్టు పెంచుదామంటే కుదరదు. కొండ పెరగదు కదా.

కార్డు గూడు లేని ఫోను కూడా అంతే. కొన్న రోజు ఎంతో, ఆఖరి రోజూ అంతే. కాబట్టి కార్డు పట్టని ఫోనులో, లెక్క సరిహద్దు మీద పడితే, ఒక మెట్టు పైకి పోవడమే తెలివి. కార్డు పట్టే ఫోనులో ఒక మెట్టు కిందే ఆగినా నష్టం లేదు.

ఆ మెట్టు ఎంత ఖరీదో మాత్రం చూసుకోవాలి. మధ్యతరగతి ఆండ్రాయిడ్ ఫోన్లలో అది రెండు, మూడు వేలతో తేలిపోయేది. ఐఫోన్ 17 మన దేశంలో విడుదలైనప్పుడు 256 జీబీ 82,900 రూపాయలు, 512 జీబీ 1,02,900. పెట్టె అదే, తెర అదే, కెమెరా అదే. చోటు ఒక్కటికే ఇరవై వేలు. ఆ ఇరవై వేలకు బయట హార్డ్ డిస్కు కొంటే దానికి ఎన్నో రెట్ల చోటు వస్తుంది. 2025 చివరి నుంచి ఏఐ కంప్యూటర్ల కేంద్రాలు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోవడంతో వాటి ధరలు పెరిగాయి. కాబట్టి 'ఎందుకైనా మంచిది' అని పెద్దది కొనే ముందు ఇంకోసారి లెక్క చూసుకోవడం అవసరం.

పైకోట నిలిచింది

కోట సంగతి అక్కడితో అయిపోలేదు. 1791లో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలో నిజాం, ఇంగ్లీషు సేనలు గుర్రంకొండను ముట్టడించాయి. కింది కోట పడిపోయింది. పైకోట మాత్రం వాళ్లకు లొంగలేదు. ఉన్నదంతా ఒకే గోడ వెనక పెట్టుకున్న కోటకు ఆ అవకాశం ఉండేది కాదు.

ఫోను కొనేవారు మరిచిపోయేది ఈ రెండో గోడనే. చోటు ఉండటం వేరు, పదిలంగా ఉండటం వేరు. 512 జీబీ ఫోనైనా బస్సులో జేబులోంచి జారితే అంతే. నీళ్ల తొట్టిలో పడితే అంతే. పెద్ద ఫోను అయితే పోయేది కూడా పెద్ద మొత్తంలో పోతుంది.

ఇప్పుడు ఆ తల్లి చేతిలోని పాత ఫోను దగ్గరికి రావాలి. అందులో పోయినేడాది కాలం చేసిన ఆమె తండ్రి గొంతు ఉంది. రాయలసీమలో ఈ ప్రాంతం నుంచి ఎంతోమంది పొట్టకూటికి కువైట్ వెళ్లారు, ఆయనా వెళ్లారు. 1990లలో ఆయన క్యాసెట్‌లో మాటలు నింపి, ఊరికొచ్చే వాళ్లతో పంపేవారు. అప్పుడూ చోటు లెక్కే ఉండేది. అరవై నిమిషాల క్యాసెట్టా, తొంభైదా అని. తొంభైదాంట్లో ఎక్కువ పట్టడానికి టేపును పల్చగా చేసేవాళ్లు, అది తొందరగా చిక్కుపడేది. ఆ క్యాసెట్లు అటక మీదే ఉన్నాయి. వినిపించే టేప్ రికార్డరు లేదు. ముసలితనంలో ఊళ్లోనే ఉంటూ ఆయన వాట్సాప్ నేర్చుకున్నారు. టైపు చేయడం రాదు కాబట్టి రోజూ మాట్లాడి పంపేవారు. వాన పడిందా, బిడ్డ తినిందా, మోకాలు నొప్పి తగ్గిందా. అంతే.

ఆ వాయిస్ మెసేజీలు ఎంత చోటు పట్టాయి? గంటసేపు మాటలు కలిపినా పది ఎంబీ దాటవు. 128 జీబీ ఫోనులో పన్నెండు వేల వంతు కన్నా తక్కువ. ఆమె ఫోనును నింపింది సూర్యోదయాలూ పువ్వులూ. పోతే తిరిగిరానిది మాత్రం చిటికెడంత మూలలో ఉంది. పెద్దవాటి బరువుకూ విలువకూ పొత్తు లేదు. అందుకే ఎంత చోటు కొనాలన్న ప్రశ్నకు ముందు అడగాల్సింది ఇంకొకటుంది: ఏది పోతే మళ్లీ దొరకదు?

దానికి చోటు కొనక్కర్లేదు. ఇంకో చోట పెట్టాలి. అమెరికా ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది. మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఇంటికి దూరంగా. ఫోనులో ఒకటి, పెన్‌డ్రైవులోనో హార్డ్ డిస్కులోనో ఒకటి, ఇంటర్నెట్‌లోనో వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి ఇంట్లోనో ఒకటి. 'ఇంటికన్నా గుడి పదిలం' అన్న మాట ఊరికే రాలేదు.

ఇంటర్నెట్‌లో పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. గూగుల్ ఫోటోస్‌లో 2015 నుంచి ఉచితంగా ఎన్నైనా దాచుకోనిచ్చారు. 2021 జూన్ 1 నుంచి ఆ వీలు తీసేశారు. మెయిళ్లూ ఫోటోలూ అన్నీ కలిపి 15 జీబీ దాటితే నెలనెలా డబ్బు కట్టాలి. రెండేళ్లపాటు ఎవరూ తెరవని ఖాతాలను తొలగించవచ్చని 2023లో గూగుల్ నియమం తెచ్చింది. కాలం చేసినవారి ఖాతా తెరిచే వాళ్లు ఉండరు కాబట్టి, అందులోని ఫోటోలు ముందే దించుకోవాలి. వాట్సాప్ కూడా వచ్చిన ప్రతిదాన్నీ తన దగ్గర శాశ్వతంగా ఉంచదు. ఫోనులో చెరిగితే మళ్లీ ఇస్తుందన్న నమ్మకం లేదు.

పెన్‌డ్రైవు బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలనుకోకూడదు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే ఫ్లాష్ మెమరీలోని ఆవేశం మెల్లగా కారిపోతుంది. ఏడాదికోసారి, ఏ ఉగాదికో, కంప్యూటరుకు తగిలించి తెరిచి చూడాలి. నాలుగైదేళ్లకోసారి కొత్తదానిలోకి మార్చాలి. ఊరగాయ జాడీ మూత తీసి చూసుకున్నట్టే ఇదీ.

మళ్లీ కొట్లోకి

"పాతది ఇవ్వను" అంది తల్లి చివరికి. "నాయిన మాటలుండాయి దాంట్లో."

కూతురికి ఒక్క క్షణం మాట రాలేదు. తర్వాత బల్ల మీద బ్యాగు పెట్టి ఆ ఫోను అందుకుంది. "ఇట్లియ్యి మా. తాత మాటలన్నీ ముందు తీసి పెడతా. ఆ పైన ఆలోచిద్దాం."

"ఏం చేద్దామంటావు?" అన్నాడు తండ్రి.

"128 చాలు నాయినా. కార్డు పట్టేదే కదా. మిగిలిన దుడ్లకి రెండు మంచి పెన్‌డ్రైవులు తీసుకుందాం. ఒకటి ఇంట్లో, ఒకటి మామ దగ్గర."

కుర్రాడు తల గోక్కున్నాడు. మూడు వేల బేరం తగ్గింది. అయినా మంచి కుర్రాడే, కేబుల్ తెచ్చి తన కంప్యూటరుకు తగిలించాడు. ఫోల్డరు తెరిచాడు. అవునో కాదో చూద్దామని ఒకదాని మీద నొక్కాడు.

"ఏమ్మా, తిన్యావా?" అంది కొట్టంతా వినిపించేలా ఒక ముసలి గొంతు.

తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తెర మీద ఆ ఫైలు పక్కన బరువు రాసి ఉంది. ఒక ఎంబీలో యాభయ్యో వంతు కూడా లేదు.